ఊరి దీపానికి ఒక్కరి చేను

చట్టం - సంసారం



హగరి ఒడ్డున మన మోకలోను, చుట్టుపట్ల పల్లెల్లోను తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకు భూమి అంటే బ్యాంకులో వేసిన సొమ్ము వంటిది కాదు. పెద్దల పేరు, ఆడపిల్లల పెళ్ళి, ముసలితనంలో పట్టెడన్నం, అన్నీ ఆ రేగడి చేలోనే ఉన్నవి. అటువంటి చేలోకి ఒకనాడు కొలత గొలుసు పట్టుకొని నలుగురు మనుషులు వచ్చి, "ఇక్కడ స్తంభం పడుతుంది, ఇక్కడ కాలువ పోతుంది, ఇక్కడ గొట్టం వేస్తారు" అంటే, గృహస్థు గుండె జల్లుమనడం సహజమే. ఈ నెల మన ముచ్చట అదే. చేను ఇవ్వాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. ఇచ్చినదానికి కట్టిన ధర న్యాయమైనదా కాదా, దానిని తేల్చేది ఎవరు అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్నలో మన చేతిలో ఉన్నది తక్కువ. రెండో ప్రశ్నలో మనం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నది.

కరెంటు వద్దని ఎవరూ అనరు. నీళ్ళు వద్దనీ అనరు. మన ఇండ్లలో దీపం వెలుగుతున్నదంటే ఎక్కడో ఎవరి చేలోనో స్తంభం నిలిచి ఉన్నందువల్లనే. అయితే ఊరందరి దీపానికి ఒక్కరి చేనే చమురు కావడం ధర్మం కాదు. అందరికీ కలిగే మేలుకు అయ్యే ఖర్చును అందరూ పంచుకోవాలి. పరిహారం అన్న మాటకు అసలు అర్థం ఇదే. అది దానమూ కాదు, దయాధర్మమూ కాదు.

ఈ సంగతిలో లోకమంతా చదువుకునే ఒక వ్యాజ్యం మన తెలుగుగడ్డ మీదనే పుట్టినదని చాలమందికి తెలియదు. విశాఖపట్నంలో ఓడరేవు కడుతున్న రోజులవి. రేవుకు దక్షిణంగా కొండల నడుమ లోవ తోటలు అనే భూమి ఉండేది. అది రాజా వైరిచర్ల నారాయణ గజపతిరాజుగారిది. ఆ లోవలో మంచినీటి ఊట ఒకటి ఉండేది. రేవు ప్రాంతంలో మలేరియా నివారణ పనుల కోసమని 1928లో ఆ భూమిని సేకరించడానికి ప్రకటన వేశారు. ధర కట్టేటప్పుడు పేచీ వచ్చినది. "ఈ ఊటనీరు రేవుకు పనికివస్తుంది, దానికి వెల కట్టండి" అని యజమాని వాదన. కింది కోర్టు దానిని ఆలకించినది. మద్రాసు హైకోర్టు మాత్రం, "ఆ నీటిని కొనగలిగినది రేవు అధికారులు ఒక్కరే. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, వాడే భూమి తీసుకుంటున్నప్పుడు, దానికి ప్రత్యేకంగా వెల ఏమిటి?" అన్నది.

వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయినది. 1939లో లార్డ్ రోమర్ తీర్పు చెప్పారు. దాని సారాంశం ఇది: కొనేవాడు ఒక్కడే అయినా సరే, భూమికి ఉన్న యోగ్యతకు వెల కట్టవలసినదే. ఇష్టపడి అమ్మేవాడు, ఇష్టపడి కొనేవాడు ఎదురెదురుగా కూర్చుంటే ఏ ధర కుదురుతుందో అదే న్యాయమైన ధర. అమ్మేవాడి మొండితనాన్ని గాని, కొనేవాడి తొందరను గాని లెక్కలోకి తీసుకోరాదు. ఇంగ్లాండు న్యాయవాదులు దీనిని "ఇండియా కేసు" అని పిలుచుకుంటారు. అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ 2004లో సైతం దీనిని ముందు పెట్టుకొని చర్చించినది. మన విశాఖ ఊటనీరు అంత దూరం పారినదన్నమాట! అయితే ఇంకొక లెక్క కూడా మరువరాదు. ప్రకటనకూ తుది తీర్పుకూ మధ్య పదకొండేండ్లు గడిచినవి. రాజులు గనుక తట్టుకున్నారు. నాలుగెకరాల సంసారి అన్నేళ్ళు తట్టుకోవాలంటే మొదటిరోజు నుంచే కాగితాలు సరిగా ఉండాలి.

ఇక మన చేల దగ్గరకు వద్దాము. మన భూమిలోకి వచ్చేవారు మూడు తోవల్లో వస్తారు. ఏ తోవన వచ్చారో ముందు తెలుసుకోవాలి. తోవనుబట్టి చట్టం, చట్టాన్నిబట్టి కోర్టు మారిపోతుంది.

మొదటి తోవలో భూమిని పూర్తిగా తీసుకుంటారు. కాలువకు, సబ్‌స్టేషనుకు, కరెంటు ఉత్పత్తి కేంద్రానికి తీసుకునేది ఈ విధంగానే. పూర్వం 1894 నాటి చట్టం ఉండేది. 2014 జనవరి 1 నుంచి 2013 నాటి కొత్త చట్టం అమలులోకి వచ్చినది. పాత చట్టంలో మార్కెటు ధర మీద నూటికి 15 చొప్పున అదనంగా ఇచ్చేవారు. యజమాని ఇష్టం లేకుండా తీసుకున్నందుకు ఇచ్చే ఈ సొమ్మును కోర్టు భాషలో సొలేషియం అంటారు. 1984లో దానిని 30 చేశారు. కొత్త చట్టంలో నూటికి నూరు. అంతేగాక పల్లె భూములకు మార్కెటు ధరను ఒకటి మొదలు రెండింతల వరకు హెచ్చించి లెక్క కడతారు.

ఇందులో మనవారు గ్రహించవలసిన ముఖ్యమైన సంగతి ఒకటున్నది. భూసేకరణ అధికారి ఇచ్చే అవార్డు తీర్పు కాదు. అది సర్కారు మన ముందు పెట్టిన బేరం మాత్రమే. ఈ మాట 1905లోనే ప్రీవీ కౌన్సిలు ఒప్పుకున్నది. 1961లో మన సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసినది. ఒప్పుకుంటే పుచ్చుకోవచ్చు, ఒప్పుకోకపోతే పై విచారణ కోరవచ్చు. విచారించేవారు అధికారి లెక్క మీద అప్పీలు వింటున్నట్లు కాక, ధరను మొదటినుంచి కొత్తగా తేలుస్తారు. 1988లో పూనాకు చెందిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని విడమరచి చెప్పినది. అయితే ధర చాలలేదని రుజువు చేయవలసిన భారం మనదేనని కూడా అదే తీర్పు చెప్పినది. ఏడ్పు సాక్ష్యం కాదు. పక్క చేను రిజిస్ట్రీ దస్తావేజు సాక్ష్యం. బావి లెక్క, పంట లెక్క, రోడ్డుకు ఎంత దూరమో చూపే పటం సాక్ష్యాలు.

రెండో తోవలో భూమి మనదే, పైన తీగ వారిది. పెద్ద కరెంటు లైన్లు ఎక్కువగా ఈ విధంగానే పోతవి. విచిత్రమేమంటే దీనికి ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తంతి తీగలకు ఇచ్చిన అధికారాలనే 2003 నాటి విద్యుత్ చట్టం 164వ సెక్షను కింద కరెంటు లైన్లు వేసే సంస్థలకు ఇవ్వవచ్చు. 2023లో టెలిగ్రాఫ్ చట్టాన్ని రద్దు చేసే కొత్త చట్టం వచ్చినా, కరెంటు లైన్ల మట్టుకు ఆ పాత భాగం నిలిచే ఉండేటట్టు అందులోనే వ్రాశారు. ఈ చట్టం ప్రకారం లైను వేసేవారికి భూమి మీద హక్కు రాదు, వాడుకునే అధికారం మాత్రమే వస్తుంది. నష్టం వీలైనంత తక్కువ చేయాలి. చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. ముందుగా యజమాని అనుమతి అవసరం లేదని 2016లో సుప్రీంకోర్టు అన్నది. పరిహారం చాలలేదంటే దానిని తేల్చేది జిల్లా జడ్జీగారు. చట్టం ప్రకారం ఆ నిర్ణయమే అంతిమం, మామూలు అప్పీలు లేదు. పైన హైకోర్టుకు ఉన్న పర్యవేక్షణాధికారమే దిక్కు. కాబట్టి చెప్పదలచినదంతా జిల్లా జడ్జీగారి ముందే చెప్పుకోవాలి.

చాలకాలం చెట్లకు, పంటకు లెక్క కట్టి చేతులు దులుపుకునే అలవాటు ఉండేది. తీగ కింద భూమి విలువ తగ్గిపోతుందే, దానికేమిటి? 2007లో కేరళ విద్యుత్ బోర్డు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనిని తేల్చినది. అందరికీ ఒకే సూత్రం కుదరదు. భూమి ఎక్కడ ఉన్నది, తీగ ఎంత దూరంలో పోతున్నది, ఎంత మేర కప్పుతున్నది, చేను అంచున పోతున్నదా, నట్టనడుమ పోతున్నదా, ఇవన్నీ చూసి విలువ తగ్గుదలను కూడా లెక్క కట్టాలి అన్నది. నడిమధ్యగా తీగ పోయిన చేనులో రేపు ఇల్లు కట్టలేము, కొబ్బరిచెట్టు పెంచలేము. కొనేవాడు తల ఎత్తి చూసి వెనక్కు తిరిగిపోతాడు. ఆ నష్టం కంటికి కనిపించదు గాని నిజమైనదే.

తరువాత 2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ, 66 కిలోవోల్టులు, ఆపై లైన్లకు ఒక మార్గదర్శకం పంపినది. స్తంభం నాలుగు కాళ్ళ మధ్య భూమికి దాని విలువలో నూటికి 85, తీగ కింది పట్టీకి నూటికి 15 మించకుండా ఇవ్వాలన్నది. 2024 జూనులో దానిని సవరించి, స్తంభం కిందికి నూటికి 200, పట్టీకి నూటికి 30 అన్నారు. రాష్ట్రాలు తమ ఉత్తరువుల ద్వారా అంగీకరించిన మేరకు ఇవి అమలవుతవి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాము. ఎకరం 10 లక్షలు అనుకుందాము. స్తంభం కాళ్ళ మధ్య చోటు 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అయితే 100 చదరపు మీటర్లు, అనగా సుమారు రెండున్నర సెంట్లు. దాని విలువ 25 వేల లోపు. నూటికి 85 చొప్పున 21 వేలు, 200 చొప్పున 49 వేల పైచిలుకు. ఇక 220 కిలోవోల్టుల లైనుకు 35 మీటర్ల పట్టీ. అది మన చేను మీదుగా 200 మీటర్లు పోతే 7,000 చదరపు మీటర్లు, అనగా ఎకరం 73 సెంట్లు. విలువ 17 లక్షల 30 వేలు. నూటికి 15 అంటే 2 లక్షల 59 వేలు, 30 అంటే 5 లక్షల 19 వేలు. చూశారా! మనవారు స్తంభం దగ్గర నిలబడి జగడమాడతారు. అసలు సొమ్ము తీగ కింద ఉన్నది. స్తంభం మన చేలో పడకపోయినా, తీగ పైన పోతే అడిగే హక్కు మనకున్నదని ఎందరికి తెలుసు?

మూడో తోవలో వచ్చేవి భూమిలో పాతే పెట్రోలు, గ్యాసు గొట్టాలు. వీటికి 1962 నాటి చట్టం వేరే ఉన్నది. పైన సేద్యం చేసుకోవచ్చు గాని ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. జరిగిన నష్టానికి పరిహారంతోపాటు ఆ పట్టీ మార్కెటు విలువలో నూటికి 10 ఇస్తారు. చాలకపోతే ఇక్కడ కూడా జిల్లా జడ్జీగారే. ఇవిగాక, టెలిగ్రాఫ్ అధికారం పొందని సంస్థలు వేసే మామూలు కరెంటు పనుల్లో పరిహారం తగవు వస్తే, విద్యుత్ చట్టం 67వ సెక్షను కింద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమీషను తేలుస్తుంది. అందుకే, "మీరు ఏ చట్టం కింద వచ్చారు? ఆ ఉత్తరువు నకలు ఇవ్వండి" అన్నది మన నోటినుంచి రావలసిన మొదటి ప్రశ్న.

ఈ వ్యాసం వ్రాస్తున్నప్పుడు మన సంఘంలో పెద్దావిడ ఒకరు అడిగారు. "నాయనా, చెక్కు పుచ్చుకుంటే ఇక కోర్టుకు పోయే దారి లేదంటున్నారు. ఇంట్లో పెండ్లి పెట్టుకున్నాము. పుచ్చుకోవాలా, మానుకోవాలా?" అని.

"పుచ్చుకోండి చిన్నమ్మా. కాని చేవ్రాలు చేసేచోటనే, చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నానని వ్రాసి మరీ చేయండి" అన్నాను.

"నాకు కన్నడం వ్రాయరాదు గదా?"

"తెలుగులోనే వ్రాయండి. దాని నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి."

ఇది చిన్న మాట కాదు. పూర్తిగా భూమి తీసుకునే చట్టంలో, పాతదానిలోను కొత్తదానిలోను, అభ్యంతరం తెలుపకుండా సొమ్ము పుచ్చుకున్నవారికి పై విచారణ కోరే హక్కు లేదు. ఒక్క వాక్యం వ్రాయక లక్షలు పోగొట్టుకునే వీలున్నది. గడువు కూడా చిన్నదే. కొత్త చట్టం ప్రకారం అవార్డు చెప్పిననాడు మనం అక్కడ ఉంటే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిననాటినుంచి ఆరు వారాలు, లేదా అవార్డు నాటినుంచి ఆరు నెలలు, ఏది ముందు ముగిస్తే అది. తగిన కారణం చూపితే ఇంకొక ఏడాది లోపల తీసుకునే వీలు అధికారికి ఉన్నది గాని, దానిని నమ్ముకొని కూర్చోరాదు. దరఖాస్తు అందుకున్న అధికారి 30 రోజుల్లో విచారణాధికార సంస్థకు పంపాలి. అక్కడి తీర్పు మీద 60 రోజుల్లో హైకోర్టుకు పోవచ్చు. కరెంటు తీగ విషయంలో జిల్లా జడ్జీగారికి చేసుకునే అర్జీకి మూడేళ్ళ గడువు వర్తిస్తుందని 1976లో సుప్రీంకోర్టు చెప్పినది. మూడేళ్ళంటే చాలా ఉన్నదనిపిస్తుంది. కాని మొదటి ఏడు అలకలో, రెండో ఏడు పంచాయతీలో గడచిపోతవి.

పొరుగువారు గెలిచారని తరువాత తెలిస్తే ఏమి చేయాలి? దీనికి కూడా దారి ఉన్నది. ఒకే ప్రకటన కింద భూమి పోయినవారిలో ఒకరికి విచారణలో ధర పెరిగితే, ఊరుకున్న మిగతావారు ఆ తీర్పు నాటినుంచి మూడు నెలల్లో తమకూ అదే లెక్క కట్టమని అడగవచ్చు. 1984 సవరణలో వచ్చిన ఈ సదుపాయం కొత్త చట్టంలో కూడా ఉన్నది. కనుక ఊళ్ళో ఒకరి వ్యాజ్యం సంగతి పదిమందికీ తెలియడం మంచిది. గెలిచినవాడు గుట్టుగా ఉంటే వాడికి లాభమేమీ లేదు. పక్కవాడికి మాత్రం నష్టం.

హక్కు గెలిచినంతమాత్రాన సొమ్ము రాదనడానికి ఒక దూరదేశపు ముచ్చట చెబుతాను. న్యూయార్కులో ఒక ఇంటి యజమానురాలు తన కట్టడం మీద కేబుల్ టెలివిజన్ వారు తీగలు, పెట్టెలు బిగించారని కోర్టుకెక్కింది. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పినది. ఆక్రమించినది ఎంత చిన్న చోటైనా అది శాశ్వతమైనదైతే పరిహారం ఇవ్వవలసినదే అన్నది. గొప్ప విజయం! తరువాత పరిహారం లెక్క కట్టినప్పుడు ఖాయమైనది ఒక్క డాలరు. సూత్రాన్ని పై కోర్టు చెబుతుంది, సొమ్మును సాక్ష్యం తెస్తుంది.

మన సరిహద్దువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. 1953 అక్టోబరు 1న గీత గీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయినవి, బళ్ళారి మైసూరులోకి వచ్చినది. బంధుత్వాలు మాత్రం గీతకు రెండు వైపులా మిగిలినవి. అన్న చేను ఆలూరు వైపు, తమ్ముడి చేను మోక వైపు ఉన్న ఇండ్లు ఇప్పటికీ ఉన్నవి. ఒకే లైను ఇద్దరి చేల మీదుగా పోవచ్చు. చట్టం కేంద్రానిదే గాని, ఇక్కడి చేనుకు బళ్ళారి జిల్లా జడ్జీగారు, ఆలూరు చేనుకు కర్నూలు జిల్లా జడ్జీగారు. భూమి ఎక్కడున్నదో అక్కడే వ్యాజ్యం. మనం ఎక్కడ కాపురమున్నామన్నది లెక్కకు రాదు. ఇక్కడ పహాణీ, అక్కడ అడంగలు. నోటీసు ఇక్కడ కన్నడంలో వస్తుంది. చదువుకున్న పిల్లల చేత చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయరాదు, చేవ్రాలు చేయరాదు.

అన్నిటికన్నా పెద్ద నష్టం మాత్రం బయటివారు చేసేది కాదు. ఖాతా ఇంకా తాతగారి పేరనే ఉంటుంది. పంపకాలు నోటిమాటగా జరిగి ఉంటవి. పరిహారం అనగానే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, చనిపోయిన కొడుకు భార్య, అందరూ వాటాదారులే. ఎవరికి ఎంత అన్న పేచీ రాగానే సొమ్ము కోర్టులో జమ అవుతుంది. ఆ పేచీ తీరేదాకా అది అక్కడే. ధర పెంచమని అందరూ కలసి అడగవలసిన సమయంలో ఒకరిమీద ఒకరు వకాల్తాలు వేసుకుంటారు. ఆడపిల్లకు వాటా ఉన్నదని చట్టం చెబుతున్నా, ఆమెకు కబురు చేయకుండా సొమ్ము పంచుకున్న ఇండ్లలో పుట్టింటి గడప ఆమెకు శాశ్వతంగా దూరమైపోతుంది. ఏ కోర్టూ దానికి పరిహారం కట్టలేదు.

కనుక గృహస్థులు ఈ నెలలోనే చేయదగిన పనులు కొన్ని చెబుతాను. ఖాతా బ్రతికి ఉన్నవారి పేరన మార్పించుకోండి. పంపకాలు జరిగితే రిజిస్ట్రీ చేయించండి. చేలోని బావి, బోరు, చెట్లు, గట్లు, పైపులు ఒక కాగితం మీద వ్రాసి, ఫొటోలు తీసి, తారీకు వేసి పెట్టుకోండి. కొలతలకు వచ్చినవారు మహజరు వ్రాస్తే చదివించుకొని, చెట్ల లెక్క సరిగా ఉంటేనే చేవ్రాలు చేయండి. చుట్టుపట్ల గడచిన మూడేళ్ళలో జరిగిన అమ్మకాల నకళ్ళు తెప్పించండి. కొత్త చట్టం ధర కట్టేటప్పుడు చూసే ఆధారాలలో అవి ఒకటి. మనవారు స్టాంపు ఖర్చు మిగులుతుందని దస్తావేజులో తక్కువ ధర వేయిస్తారు. రేపు ఆ దస్తావేజే మన ఊరందరి ధరను కిందికి లాగుతుంది. వచ్చినదానిలో ఇంత భాగం నాదని ముందే వ్రాయించుకునే మధ్యవర్తులకు దూరంగా ఉండండి. న్యాయవాది ఫీజు ఎంతో మొదటనే తేల్చుకోండి.

1978 సవరణతో ఆస్తి మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాకుండా పోయినది. అయినా చట్టం అనుమతించిన పద్ధతిలో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని 300-ఏ అధికరణం చెబుతూనే ఉన్నది. నోటీసు ఇవ్వడం, మాట వినడం, న్యాయమైన పరిహారం కట్టడం, ఇవన్నీ అందులో భాగమేనని 2024లో కలకత్తా కార్పొరేషను వ్యాజ్యంలో సుప్రీంకోర్టు మరల చెప్పినది. అంటే తలుపు తెరచే ఉన్నది. ఆ తలుపు దగ్గరకు గడువు లోపల, కాగితాలతో, ఇంటివారందరూ ఒక్కమాట మీద పోవడమే మన వంతు.

వచ్చే నెల ఇదే శీర్షికలో ఖాతా మార్పిడి గురించి, వారసత్వపు ధ్రువపత్రం గురించి ముచ్చటించుకుందాము. అంతవరకు సెలవు.